సంప్రదాయ స్వస్థత పద్ధతులు – జన్యు వ్యక్తీకరణ: విమర్శనాత్మక పరిశీలన

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ సమీపంలోని ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరాలయం ఉంది. చర్మవ్యాధితో బాధపడుతున్న కుపేంద్రుడనే రాజు ఇక్కడి కేతకీవనంలోని నీటితో ఒళ్లు కడుక్కోగా వ్యాధి నయమైందని స్థలపురాణం. నేటికీ భక్తులు ఇక్కడి గుండంలో స్నానం చేస్తారు. ధ్యానం, ప్రార్థన, పుణ్యస్నానం మన జన్యువులనే మారుస్తాయనే మాట ఈ మధ్య తరచు వినిపిస్తోంది. ఈ వాదనలో బలమెంతో పరిశీలిద్దాం.

ముందుగా ఒక పొరపాటును సరిదిద్దుకోవాలి. ఇక్కడ మారేది జన్యువు కాదు, జన్యు వ్యక్తీకరణ. జన్యువులోని సమాచారం ఆధారంగా కణం ఆర్ఎన్ఏను, దాని ద్వారా ప్రోటీన్‌ను తయారుచేయడమే జన్యు వ్యక్తీకరణ. భోజనం, నిద్ర, జ్వరం, వ్యాయామం, భయం అన్నీ దీనిని ప్రభావితం చేస్తాయి. కాబట్టి కేవలం మార్పు కనిపించడం గొప్ప విశేషం కాదు. ఆ మార్పు ఎంత, ఎంతకాలం నిలిచింది, రోగికి ఏం మేలు చేసింది అన్నవే అసలు ప్రశ్నలు.

ఇక ఆధారాలు చూద్దాం. అమెరికాలో హెర్బర్ట్ బెన్సన్ బృందం 2008లో ఒక అధ్యయనం ప్రచురించింది. చాలాకాలంగా ధ్యానం వంటి విశ్రాంతి పద్ధతులు పాటిస్తున్న 19 మందిని, పాటించని 19 మందిని, 8 వారాలు కొత్తగా శిక్షణ పొందిన 20 మందిని పరిశీలించగా, రక్తకణాల జన్యు వ్యక్తీకరణలో తేడాలు కనిపించాయి. అయితే వీరంతా ఆరోగ్యవంతులే. పైగా ఏళ్ల తరబడి ధ్యానం చేసేవారి ఆహారం, అలవాట్లు కూడా వేరుగా ఉండవచ్చు. అప్పుడు తేడాకు కారణం ధ్యానమేనని ఎలా చెప్పగలం?

2017లో వెలువడిన ఒక సమీక్ష 18 అధ్యయనాలను, మొత్తం 846 మందిని పరిగణనలోకి తీసుకుంది. యోగా, ధ్యానం, తాయ్ చీ వంటి వేర్వేరు పద్ధతుల్లోనూ వాపుకు సంబంధించిన జన్యువుల చురుకుదనం తగ్గే ధోరణి కనిపించింది. మానసిక ఒత్తిడి ఎన్ఎఫ్-కప్పా బి అనే ప్రోటీన్ ద్వారా ఈ జన్యువులను ప్రేరేపిస్తుంది కనుక ఈ ఫలితం అర్థవంతమైనదే. దీనిని తీసిపారేయనక్కరలేదు. కానీ నడక, మంచి ఆహారం కూడా ఇంతే మేలు చేస్తాయా అన్నది ఇంకా తేలవలసి ఉంది.

అసలు లోపం అన్వయంలో ఉంది. ధ్యానంపై వచ్చిన ఫలితం గుండం స్నానానికి వర్తించదు. రక్తంలోని ఆర్ఎన్ఏ కొలత రోగం నయమైందనడానికి రుజువూ కాదు. ఉదాహరణకు, చర్మంపై స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కుష్ఠువ్యాధి లక్షణం కావచ్చు. స్నానంతో మనసుకు ఊరట కలగవచ్చు, కానీ ఆ ఊరటకు వ్యాధికారక బాక్టీరియా చావదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే బహుళ ఔషధ చికిత్స 6 నుంచి 12 నెలల్లో దానిని నయం చేస్తుంది. ఆలస్యమైతే నరాలు దెబ్బతిని శాశ్వత వైకల్యం రావచ్చు.

కనుక భక్తుడు స్నానం మానుకోవాలని విమర్శకుడు చెప్పనక్కరలేదు. స్నానం చికిత్సకు తోడు కావచ్చు, బదులు కారాదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: 2008 అధ్యయనంలో పాల్గొన్నవారి ఎంపిక దాని నిర్ధారణలను ఎలా పరిమితం చేస్తుంది?