పొణికి చెక్కకు తొడిగిన కవచం

కొండపల్లి బొమ్మను మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్ళు ‘ఇంత తేలికా!’ అంటారు. అంబారీ ఏనుగైనా, గీత కార్మికుడు ఎక్కుతున్న తాటిచెట్టయినా అంతే. ఆ తేలికంతా తెల్ల పొణికిది. వృక్షశాస్త్రంలో దాని పేరు జైరోకార్పస్ అమెరికానస్. కొండపల్లి అడవిలాంటి రాతి గుట్టల మీద పెరుగుతుంది. కాయకు రెండు పొడవాటి రెక్కలుంటాయి, రాలేటప్పుడు గాలిలో గిరగిరా తిరుగుతుంది. చెక్క తెల్లగా, మెత్తగా ఉండి ఉలి చెప్పినట్టు వింటుంది.

ఆ మెత్తదనమే దాని బలహీనత కూడా. టేకులో బూజునూ చెదలనూ దూరంగా ఉంచే రసాయనాలు పుట్టుకతోనే ఉంటాయి. పొణికికి ఆ రక్షణ లేదు. కోసిన దుంగను వానలో వదిలేస్తే ముందు నల్లని మచ్చలు వస్తాయి, తర్వాత కుళ్ళు పడుతుంది. అలాంటి చెక్కతో చేసిన దశావతారాలు మన అటకల మీద తాతమ్మల కాలం నుంచి నిలిచి ఉన్నాయంటే, చెట్టుకు లేని కవచాన్ని మనుషులు తొడిగారన్నమాట. ఆ పని చేసినవాళ్ళు కొండపల్లి ఆర్యక్షత్రియులు. తమ పెద్దలు రాజస్థాన్ నుంచి వలస వచ్చారని చెప్పుకుంటారు. వాళ్ళ చేతిపనిలో ఉన్న విజ్ఞానమెంతో, చెక్కను తినే శిలీంధ్రాల జన్యుక్రమాలు చదవడం మొదలయ్యాక ఇంకా స్పష్టంగా తెలుస్తోంది.

బొమ్మల పనిలో ఎక్కువమంది చూసేది చెక్కడమూ రంగులేయడమూ. నా దృష్టిలో అసలు పని అంతకుముందే జరుగుతుంది. పచ్చి పొణికిని ఆరబెట్టి, సన్నని సెగ మీద నెమ్మదిగా కాచి, తడంతా లాగేస్తారు. సెగ ఎక్కువైతే చెక్క పగులుతుంది. తక్కువైతే పైన పొడిగా కనబడి, లోపల చెమ్మ మిగిలిపోతుంది. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి.

ఈ తడి సంగతి కొంచెం నిదానంగా చూడాలి. శిలీంధ్రానికి నోరు లేదు, కడుపు లేదు. ఎంజైములను ఒంటి బయటికి వదిలి, చెక్కను బయటే అరిగించుకుని, కరిగినదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. ఆ ఎంజైములు కదలాలంటే నీళ్ళు కావాలి. చెక్క తన పొడి బరువులో సుమారు 30 శాతం దాకా నీటిని కణాల గోడల్లోనే ఇముడ్చుకుంటుంది. అది మించితే కణాల ఖాళీల్లో నీరు నిలుస్తుంది. కుళ్ళు పుట్టేది ఆ నిలిచిన నీటి దగ్గరే. తడిని 20 శాతం లోపు ఉంచగలిగితే కుళ్ళబెట్టే శిలీంధ్రం మొదలే పెట్టలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానినప్పుడు, చెక్కకు తగిలిన దెబ్బ వరద తీశాక కూడా ఎందుకు సాగుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

చెక్కను కుళ్ళబెట్టే శిలీంధ్రాల్లో మొట్టమొదట జన్యుక్రమం చదివింది ఫానెరోకీట్ క్రైసోస్పోరియం అనేదాన్ని. అమెరికా ఇంధన శాఖకు చెందిన జాయింట్ జీనోమ్ ఇన్‌స్టిట్యూట్ ఆ పని చేసింది, ఫలితాలు 2004లో వెలువడ్డాయి. సుమారు 3 కోట్ల అక్షరాల జన్యుక్రమం అది, మనిషి జన్యుక్రమంలో నూరో వంతు. వేడిని ఇష్టపడే జీవి. 40 డిగ్రీల దగ్గర, అంటే మనకు బెజవాడ ఎండలు మొదలయ్యే చోట, చకచకా పెరుగుతుంది.

అంత పొడవైన క్రమాన్ని ఒక కొస నుంచి ఇంకో కొసకు ఏకబిగిన చదివే యంత్రం అప్పట్లో లేదు. డీఎన్ఏను చిన్నచిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ విడిగా చదివి, ఒకదాని చివర ఇంకొకదాని మొదలుతో ఎక్కడ కలుస్తోందో కంప్యూటర్‌తో వెతికించి అతికారు. అంబారీ ఏనుగుకు కాళ్ళూ తొండమూ మావటీ విడివిడిగా చెక్కి, తర్వాత కలిపినట్టే. తేడా ఒకటుంది. బొమ్మ చేసేవాడికి ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో ముందే తెలుసు. వీళ్ళకు తెలియదు, అందుకే ప్రతి చోటునూ సగటున పదిసార్లు చదవాల్సి వచ్చింది.

చదివాక దొరికింది ఒక ఆయుధశాల. చెక్కలో సెల్యులోజ్ పోగులను గట్టిగా పట్టి ఉంచేది లిగ్నిన్. దానికి క్రమమైన అల్లిక ఉండదు, ఒకే రకం కత్తెరతో తెగదు. దాన్ని విరిచే లిగ్నిన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైము 1983లో ఈ శిలీంధ్రంలోనే బయటపడింది. జన్యుక్రమంలో చూస్తే ఆ ఎంజైముకు ఒక్కటి కాదు, 10 జన్యువులున్నాయి. మాంగనీసు సాయంతో పనిచేసే దాని చుట్టాలు ఇంకొన్ని. సెల్యులోజ్‌నూ మిగతా పిండి పదార్థాలనూ తుంచేవి వందల్లో. లిగ్నిన్ పోయిన చెక్క పాలిపోయి, పీచుపీచుగా విడిపోతుంది. దీన్నే తెల్ల కుళ్ళు అంటారు. పొణికి లాంటి వెడల్పాకు చెట్లకు ఎక్కువగా దీనివల్లే ముప్పు.

గోధుమ కుళ్ళు వేరు. 2009లో పోస్టియా ప్లాసెంటా అనే శిలీంధ్రాన్ని చదివితే అందులో లిగ్నిన్ పెరాక్సిడేజ్ జన్యువులే లేవు. ఇనుమూ హైడ్రోజన్ పెరాక్సైడూ కలిసి పుట్టించే చురుకైన రసాయనాలతో అది సెల్యులోజ్‌ను ముక్కలు చేస్తుంది. లిగ్నిన్‌ను చాలావరకు వదిలేస్తుంది. మిగిలిన చెక్క గోధుమరంగు గడులుగా పగిలి, నలిపితే పొడి అవుతుంది.

2012లో 31 శిలీంధ్రాల జన్యుక్రమాలను పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకులు, లిగ్నిన్‌ను విరిచే నేర్పు సుమారు 29 కోట్ల ఏళ్ళ కింద పుట్టిందని లెక్కగట్టారు. దానికి ముందు చెట్లు కుళ్ళక పేరుకుపోయి బొగ్గయ్యాయనీ, ఈ శిలీంధ్రాలు వచ్చాక బొగ్గు ఏర్పడటం తగ్గిందనీ ఒక వాదన బలపడింది. కొండపల్లి పక్కనే ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం బొగ్గుతో నడుస్తోంది కాబట్టి ఈ వాదన మనకు దగ్గరిదే. నాకు మాత్రం ఇది పూర్తి కథ అనిపించదు. మన గోదావరి లోయ బొగ్గులాంటి గోండ్వానా బొగ్గు పెర్మియన్ యుగానిది, అంటే ఆ శిలీంధ్రాలు పుట్టాక కూడా పేరుకున్నది. నీట మునిగిన నేలల్లో గాలి అందక, ఎన్ని ఎంజైములున్నా కుళ్ళు సాగదు. 2016లో వచ్చిన ఇంకో అధ్యయనం కూడా బొగ్గు పోగవడానికి వాతావరణం, భూమి కుంగడం ముఖ్యమని వాదించింది.

కొండపల్లికి వద్దాం. ముక్కలను అతికేది మక్కు. చింతగింజల పొడిని ఉడికించి, రంపపు పొట్టు కలిపి చేస్తారు. చింతగింజ పప్పులో ఎక్కువ భాగం జైలోగ్లూకాన్ అనే చక్కెర గొలుసు. మొక్కల కణాల గోడల్లో సెల్యులోజ్ పోగులను అంటిపెట్టుకుని ఉండే పదార్థాల్లో ఇదొకటి. అందుకే చెక్క మీద మక్కు అంత బాగా పడుతుంది. ఏనుగు తొండం మొదట్లో మక్కు రుద్ది ఆరనిస్తే అతుకెక్కడో వేలికి తెలియదు. కాకపోతే ఈ జైలోగ్లూకాన్‌ను తుంచే ఎంజైములు కూడా ఫానెరోకీట్ దగ్గరున్నాయి. మక్కు బూజుకు విందుభోజనం. చెక్క లోపల తడి మిగిలి ఉంటే బొమ్మ మొదట విడిపోయేది అతుకు దగ్గరే. మక్కు పూర్తిగా ఆరాకే సుద్ద పూయడం, సుద్ద ఆరాకే రంగు ముట్టడం ఈ పనిలో నియమంగా నిలవడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

సుద్ద పూత చెక్క రంధ్రాలను పూడ్చి, రంగుకు తెల్లని నేలనిస్తుంది. కుళ్ళబెట్టే శిలీంధ్రాలు ఎక్కువగా పులుపు వాతావరణాన్ని కోరతాయి, సున్నపు గుణం వాటికి అంత అనుకూలం కాదు. ఆపైన మేకవెంట్రుకల కుంచెతో రంగు. ఒకప్పుడు ఆకులతో, పూలతో చేసిన రంగులు వాడేవారు. ఎనామిల్ రంగులొచ్చాక చెమ్మ లోపలికి పోవడం తగ్గింది. అయితే లోపల తడి ఉండగా ఎనామిల్ వేస్తే అది బయటికి పోయే దారి కూడా మూసుకుంటుంది. తొందరపడి చేసిన బొమ్మకు పాత రంగులకంటే ఎనామిలే ఎక్కువ చేటు చేస్తుంది. కొనేవాళ్ళు మెరుపు చూసి మురుస్తారు, ఆరబెట్టిన రోజులకు ధర కట్టరు. నాకు బాధ కలిగించేది అదే.

ఆరబెట్టని దుంగ మీద ఏం మొలుస్తుందో తెలియాలంటే, కొయ్య కోత జరిగిన చోట వానాకాలంలో దుంగల చివర్లు చూడండి. వేలిగోరంత బూడిదరంగు విసనకర్రలు వరసగా మొలిచి ఉంటాయి. తిప్పి చూస్తే అడుగున ఉన్న రేకులు మధ్యకు నిలువునా చీలి కనిపిస్తాయి. ఎండకు ఆ చీలికలు ముడుచుకుంటాయి, చినుకు పడగానే విచ్చుకుంటాయి. ఈ శిలీంధ్రం పేరు షైజోఫిల్లమ్ కమ్యూన్. 2010లో జన్యుక్రమం చదివితే సుమారు 3 కోట్ల 85 లక్షల అక్షరాలు తేలాయి. అందులోనూ లిగ్నిన్ పెరాక్సిడేజ్‌లు లేవు, అలాగని అది గోధుమ కుళ్ళు శిలీంధ్రమూ కాదు. తెల్ల కుళ్ళు, గోధుమ కుళ్ళు అన్న పాత విభజనలో ఇమడని వాటిలో ఇదొకటి.

పొణికి ఇప్పుడు సులువుగా దొరకడం లేదు. మొక్కలు నాటాలన్న మాట వినబడుతోంది, నాటాలి కూడా. దానితోపాటు కొండపల్లి దుంగ మీద మొలిచే శిలీంధ్రాలను పేరుపేరునా గుర్తించి, వాటి జన్యుక్రమాలు చదివించాలి. హైదరాబాద్‌లో సీసీఎంబీ వంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థలున్నాయి, చదివే ఖర్చు 2004తో పోల్చలేనంత తగ్గింది. ఏ శిలీంధ్రం ఎంత తడి దగ్గర లేస్తుందో తెలిస్తే, కోసిన దుంగను ఎన్నాళ్ళలో ఆరబెట్టాలో, ఎంత సెగ చాలో అంకెల్లో చెప్పొచ్చు. బెరడు తీసి నిలబెట్టాలా, చీల్చి పేర్చాలా అన్నదీ తేలుతుంది. చెక్క కరువైన రోజుల్లో మచ్చపడి పారేసే ప్రతి దుంగా ఒక కుటుంబానికి కొన్ని రోజుల పని.