గోడలో ఇల్లు

ధనుర్మాసంలో కె.కోటపాడులో పొద్దున్నే లేస్తే వీధి వీధంతా కళ్లాపి వాసన. మా మామ్మ పెద్ద ముగ్గు వేసే రోజున ముందు నాలుగు వైపులా అంచు కట్టేది. లోపలి పువ్వులూ లతలూ ఆ తర్వాతే. తొందరపడి మధ్యలో మొదలెడితే, "గట్టు లేకుండా మడికి నీళ్లు పెడతావేటి?" అని కసిరేది. ఇన్నేళ్లకి సీతంపేట కొండల వైపు వెళ్లి, ఒక సవర గిరిజనుల ఇంటి గోడ ముందు నిలబడ్డప్పుడు ఆ మాట గుర్తొచ్చింది.

సవరల బొమ్మని మన వైపు ఎడిసింగ్ అంటారు, ఒడిశా వైపు ఇడితాల్. అక్కడా ముందు అంచే. గీతలతో, గళ్లతో నలుచదరంగా చుట్టుకట్టి, వల అల్లినట్టు అంచు నుంచి లోపలికి వస్తారు. గోడని ఎర్రమట్టితో అలికి ఆరనిస్తారు. బియ్యప్పిండి నీళ్లలో కలుపుకుంటారు. పుల్ల కొన నలగ్గొట్టి, పీచు తేలాక దాంతో గీస్తారు. కుంచె అదే. మనిషంటే రెండు ముక్కోణాలు, సన్నటి కాళ్లూ చేతులూ. చూడగానే వార్లీ బొమ్మలనుకునేవాళ్లున్నారు. కాస్త నిదానించి చూస్తే సవర మనుషులు పొడుగ్గా, ఒకరి పక్కన ఒకరు ఒత్తుగా కనిపిస్తారు. వార్లీలో కనిపించే ఖాళీ ఇక్కడ అంతగా ఉండదు.

ఆ చదరం ఒక ఇల్లు. ఇంట్లో జబ్బు చేసినా, కాన్పు కష్టమైనా, చచ్చిపోయినవాళ్లు కలలోకొచ్చి అడిగినా, సోనుంకి, అంటే ఆత్మకి, గోడ మీద ఆ ఇల్లు కడతారు. బొమ్మ అయ్యాక సోనుంని పిలిచి చూపిస్తారు. పూజారి నోటి వెంట అది వంకలు పెడుతుంది: నా ఏనుగేదీ? నా బంట్రోతులేరీ? అడిగినవి చేర్చాల్సిందే. ఇంత నిక్కచ్చి విమర్శకుడు పట్నం చిత్రకారులకి దొరకడు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చేసిన సవర మతం పుస్తకంలో ఇదంతా ఉంది. ఆయన చూసిన గోడల మీద సూర్యచంద్రులు, గుర్రాలతోపాటు సైకిళ్లు, విమానాలు కూడా ఉన్నాయి. కొండ మీదికి ఏ కొత్త అధికారం వచ్చినా ఆ గోడలోకీ వచ్చింది.

నన్ను బాగా ఆపేసింది కురంబోయి కథ. కురంబోయి అంటే ఆత్మలతో మాట్లాడే స్త్రీ. ఊళ్లో మొగుడూ పిల్లలూ మామూలే. పాతాళంలో ఇంకో మొగుడుంటాడు, అక్కడా పిల్లలుంటారు. ఆ భర్త సవర కాడు; మైదానంలోని పై కులం మనిషి, అంటే మన వైపువాడు. తరాలుగా కొండకెక్కి పన్ను, వడ్డీ గుంజిన జాతివాణ్ణే ఆమె మొగుణ్ణి చేసుకుంది. అతనికీ తన ఇంట్లో గోడ మీద ఇల్లు కట్టి పెడుతుంది. గుర్రాలూ ఏనుగులూ అతని హోదాకి. తనని ఏలినవాణ్ణి బియ్యప్పిండి గీతల మధ్య తన ఇంట్లో కూర్చోబెట్టి, ఊరి జబ్బులు నయం చెయ్యమని పనిపెట్టడం! ఇది లొంగుబాటో, గడుసుతనమో నేను తేల్చలేను. రెండోదే అనుకోవడం నాకిష్టం.

గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణం అచ్చేశారు. ఆ తర్వాత అయిదేళ్లకి, 1936లో, మంగెయి గొమాంగో సవరకి సొంత లిపి కట్టాడు. ఆ అక్షరాలకీ పూజలు జరిగాయి. ఇంకోవైపు బాప్టిస్టు మిషన్లలో చేరిన కుటుంబాలు సోనుంలని వదిలేశాయి. సోనుం లేకపోతే ఇల్లెవరికి? వాళ్ల గోడలు ఉత్త గోడలయ్యాయి.

నైజీరియాలో ఇగ్బో ఆడవాళ్లు గీసే 'ఉలి' అనే గీతలకీ, గోడ వదిలి వేరేచోటికి చేరిన ఇలాంటి కథే ఉంది. కాయల రసంతో ఒంటి మీద, మట్టి రంగులతో గోడల మీద గీసేవారు. ఒంటి మీద గీత వారానికి వెలిసిపోతుంది. ఉచె ఒకెకె అనే చిత్రకారుడు తల్లి దగ్గర ఆ గీతలు నేర్చి, 1970ల్లో న్‌సుక్కా విశ్వవిద్యాలయంలో విద్యార్థుల చేత కాగితం మీద పెట్టించాడు. ఆడవాళ్ల చేతిలో పుట్టిన గీతకి పేరు మాత్రం ఎక్కువగా మగవాళ్లకే వచ్చింది. ఒబియోరా ఉదెచుక్వు లాంటి చిత్రకారులు ముందు గుర్తొస్తారు, చిత్రకారిణి అడా ఉదెచుక్వు తర్వాత.

ఇప్పుడు సవర బొమ్మ గుడ్డ మీదా, కాన్వాసు మీదా అమ్ముడవుతోంది. గీసేవాళ్లకి నాలుగు డబ్బులొస్తే నాకు సంతోషమే. మా ముందుగదిలోనూ ఒకటి వేలాడుతోంది. అంచు చక్కగా కట్టారు, ఏనుగుంది, గుర్రముంది. ఎవరి ఇల్లని అడిగితే అమ్మినాయన నవ్వి, "మీదే కదా బాబూ, కొనుక్కున్నారు" అన్నాడు.