ఇత్తడి సాక్ష్యం

బ్రిటిష్ వాళ్ల రోజుల్లో మన దేశంలో వానాకాలం గుర్రపు లాయాల్లో దాచిన తూటాలు పేల్చకుండానే పగిలేవి. ఎవరూ తుపాకిలో పెట్టలేదు, ట్రిగ్గర్ నొక్కలేదు, అయినా గుండును బిగించి పట్టుకున్న చోట ఇత్తడి కేసు నెర్రె విచ్చేది. వానలతో వచ్చే జబ్బు కాబట్టి సీజన్ క్రాకింగ్ అన్నారు. అసలు సంగతిని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు విప్పి చెప్పారు. ఇత్తడిని వేడి చేయకుండా సాగదీసి కేసుగా మలిచినప్పుడు లోపల కొంత బిగువు మిగిలిపోతుంది. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా, గాలిలోని తడి దానికి తోడైతే లోహం తనంతట తానే చీలుతుంది. కేసును తగుమాత్రం కాచి ఆ బిగువును తీసేయడమే మందు. 1959 నుంచి ఇనుము కరిగిస్తున్న ఊరు మన భిలాయ్. రోలర్ల మధ్య సరిచేసిన పట్టాలో మిగిలే బిగువు ఎంత మొండిదో రైల్ మిల్లులో చేసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. నాకు ఈ కథలో నచ్చింది ఒక్కటే: నెర్రె కనిపించింది కేసు మీద, కారణం మాత్రం లాయంలోనూ, కేసు తయారైన కార్ఖానాలోనూ ఉంది.

రైఫిల్ తూటాలు సొంతంగా నింపుకునేవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. అమెరికాలో ఈ పని చట్టబద్ధమైన అలవాటు. పేలిన కేసులను బల్ల మీద పరిచి చూస్తారు. కేసు అడుగున మందును అంటించే ప్రైమర్ అంచు గుండ్రంగానే ఉందా, బిళ్లలా చదునైపోయిందా? తుపాకి బోల్టు తేలిగ్గా లేచిందా, అరచేత్తో కొట్టాల్సి వచ్చిందా? కేసు అడుగున మెరిసే మచ్చ పడిందా? ఈ గుర్తులను చూసి, ఒత్తిడి ఇంకా హద్దులోనే ఉందని తీర్పు ఇచ్చేస్తారు. కానీ ప్రైమర్ గిన్నె ఒక కంపెనీది మెత్తగా, ఇంకో కంపెనీది గట్టిగా ఉంటుంది. మెత్తనిది మామూలు ఒత్తిడికే చదునవుతుంది, గట్టిది ప్రమాదం ముంచుకొచ్చినా గుండ్రంగానే కనిపిస్తుంది. చాంబర్‌లో మురికి చేరినా బోల్టు బిగుసుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, చాలాసార్లు ఇత్తడి మీద మచ్చ పడేసరికే ఒత్తిడి గరిష్ఠ పరిమితిని దాటిపోయి ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

కంటి సంగతి అలా ఉంచండి, పరికరం కూడా మోసపోతుంది. ఆండ్రూ నోబుల్ 19వ శతాబ్దంలో ఒక ఉపాయం కనిపెట్టాడు. పేలుడు వాయువు ఒక చిన్న రాగి దిమ్మెను నలుపుతుంది, అది ఎంత కురచబడిందో కొలిచి ఒత్తిడిని లెక్కగడతారు. బ్రినెల్ గుంటను కొలిచి గట్టిదనం చెప్పే మన ల్యాబుల పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. అయితే రాగి నలగడానికి సమయం కావాలి, ఒత్తిడి శిఖరం సెకనులో వెయ్యో వంతు కూడా నిలవదు. అందుకే .308 వించెస్టర్ తూటా గరిష్ఠ పరిమితి రాగి లెక్కలో 52,000, పీజో క్రిస్టల్‌తో కొలిస్తే చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. తూటా ఒకటే, కొలిచిన సాధనం వేరు. పాత పుస్తకంలో అంకె చూసి కొత్త పుస్తకంలో అంకెతో పోల్చేవాడు ఎంత పొరబడతాడో చూడండి.

గురి విషయంలో ఆత్మవంచన ఇంకా తేలిక. మూడు గుళ్లు దగ్గరదగ్గరగా పడగానే ఇదే సరైన పాళ్లు అనేస్తారు. సగటున మూడు గుళ్ల గ్రూపు వెడల్పు 24 మిల్లీమీటర్లు వచ్చే రైఫిల్, అదే తూటాతో ఐదు పేలిస్తే దాదాపు 31, పది పేలిస్తే 38 మిల్లీమీటర్లు చూపిస్తుంది. తుపాకి ఏమీ మారలేదు, లెక్కల స్వభావమే అంత. ఈ సంగతి తెలియనివాళ్లు ఒకే వారంలో మందు, ప్రైమర్, గుండు దించే లోతు మూడూ మార్చేసి, అదృష్టం కొద్దీ పడిన చిన్న గ్రూపుకు ఏదో ఒకదాన్ని కారణంగా చూపి దానికి కిరీటం పెడతారు. ఎండ సంగతి ఎవరికీ గుర్తుండదు. మందు వేడెక్కితే చాలా రకాలు జోరుగా కాలి ఒత్తిడి పెంచుతాయి. జనవరి పొద్దున సరిపెట్టిన తూటాను దుర్గ్ మే నెల ఎండలో కారులో పెట్టి తీస్తే, అది జనవరి తూటా కాదు.

అనుభవమున్న కన్నుకు విలువ లేదా అని అడగవచ్చు. ఉంది. అదే రైఫిల్, అదే లాట్ ప్రైమర్ అయితే నిన్నటి కేసుకూ నేటి కేసుకూ తేడా పట్టడంలో ఆ కన్ను గొప్పది. అయితే గుర్తు కనిపిస్తే ఆగి, పాళ్లు తగ్గించాలి. కనిపించలేదని పెంచుకుంటూ పోవడానికి మాత్రం అది అనుమతి కాదు. ఇంట్లో పీజో యంత్రం ఎక్కడిది అనే అభ్యంతరమూ న్యాయమైనదే. గుండు వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ మాత్రం అందుబాటులోనే ఉంటుంది. తూటాలు నింపే మాన్యువల్ చెప్పిన వేగం కంటే ఎక్కువ వస్తే సంతోషించకండి. వేగం ఊరికే రాదు, దాని వెనుక ఒత్తిడి ఉంటుంది.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం, కాబట్టి ఈ ప్రయోగాలు ఇక్కడ ఎవరూ చేయకూడదు. లైసెన్సు మీద ఫ్యాక్టరీ తూటాలు కొని బీరువాలో దాచుకున్నవాళ్లకు మాత్రం లాయం కథ నేటికీ పనికొస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్‌ను తూటాల దగ్గర ఉంచకండి. వానలు మొదలయ్యేలోపు డబ్బా తీసి ఒక్కో కేసు మెడనూ భూతద్దం కింద చూడండి, వెంట్రుకంత నెర్రె కనిపించినా ఆ తూటాను పేల్చకుండా లైసెన్సు ఉన్న డీలరుకు అప్పగించండి.