బాలల కథల్లో హింస – ఔచిత్య నిర్ణయం: ప్రహ్లాద చరిత్ర ఆధారంగా ఒక పరిశీలన

పసిపిల్లలకు ఏ కథ చెప్పవచ్చు, ఏది చూపవచ్చు అన్న ప్రశ్న ఎదురైనప్పుడు పెద్దలు సాధారణంగా లెక్క కడతారు. కథలో ఎన్ని చావులున్నాయి, నెత్తురు కనబడుతుందా, ఆయుధం ఎవరి చేతిలో ఉంది అని చూస్తారు. ఉన్నదాన్ని కొంత తగ్గించి, ఆ తగ్గించిన రూపాన్ని పిల్లలకు అందిస్తారు. పాఠ్యపుస్తక సంపాదకులు, బొమ్మల కథల ప్రచురణకర్తలు, చలనచిత్ర నిర్మాతలు హెచ్చుతగ్గులుగా ఈ పద్ధతినే పాటిస్తున్నారు. హింసను పరిమాణంతో కొలిచే ఈ పద్ధతి, తెలుగు పిల్లలు తరతరాలుగా వింటున్న ఒక ప్రధాన కథ విషయంలో ఎక్కడ విఫలమవుతుందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ కథ ప్రహ్లాద చరిత్ర.

ఈ ఎంపికకు కారణం ఉంది. రాక్షస సంహారాలున్న కథలు మన పురాణాల్లో లెక్కలేనన్ని. కాని కన్నతండ్రే పసివాణ్ణి చంపించబూనిన కథ, ఆ తండ్రి పొట్ట చీల్చడంతో పతాకస్థాయికి చేరే కథ, పిల్లల కథగా ఇంత స్థిరపడడం విశేషం. బమ్మెర పోతన భాగవతం సప్తమ స్కంధం నుంచి బడి పుస్తకాలకు, వీధి నాటకాలకు, 1932 నాటి తొలి తెలుగు టాకీకి, ఏ.వి.ఎం. వారి 1967 నాటి చిత్రానికి ఇది సాగివచ్చింది. పెద్దల లెక్క ప్రకారం ఈ కథ పిల్లల దరిదాపులకు రాకూడదు. అయినా వచ్చింది, నిలిచింది.

చట్టం ఈ ప్రశ్నను రెండు రకాలుగా చూసింది. పిల్లలకు, యువతకు హాని చేసే ప్రచురణలను నిషేధిస్తూ 1956లో వచ్చిన కేంద్ర చట్టం, ఇరవై ఏళ్లలోపు వారిని దృష్టిలో పెట్టుకొని, నేరాలను, క్రౌర్యాన్ని, జుగుప్సాకర ఘటనలను ప్రధానంగా చిత్రించే కథల పుస్తకాలను హానికరాలుగా నిర్వచించింది. అయితే ఆ నిర్వచనంలో ఒక కీలకమైన షరతు ఉంది. విడి ఘట్టాన్ని కాక ప్రచురణను మొత్తంగా తీసుకొని, అది చదివేవారిని చెడుదారి పట్టించేదిగా ఉందా అని చూడాలి. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం వేరే దారి పట్టింది. యూఏ ధ్రువీకరణను ఏడు, పదమూడు, పదహారు ఏళ్ల మెట్లుగా విభజించి, పాఠకుడి వయసును కొలమానంలోకి తెచ్చింది. మొదటిది రచన సమగ్రతను, రెండవది గ్రహీత అవస్థను పట్టించుకున్నాయి. సాహిత్య విమర్శకు ఈ రెండూ కొత్తవి కావు.

పదకొండవ శతాబ్దపు క్షేమేంద్రుడు 'ఔచిత్య విచార చర్చ'లో ఔచిత్యానికి ఇరవై ఏడు స్థానాలు చెప్పాడు. పదం, వాక్యం మొదలుకొని ప్రబంధార్థం, రసం, దేశం, కాలం, స్వభావం, అవస్థ వరకు అవి విస్తరించాయి. ఇందులో ప్రబంధార్థౌచిత్యం 1956 చట్టంలోని సమగ్ర దృష్టికి దగ్గరగా ఉంది. అవస్థౌచిత్యం మాత్రం పాత్రకు సంబంధించినది. పాత్ర ఉన్న దశకు తగినట్లు కవి చెప్పాడా అన్నదే అక్కడి ప్రశ్న. వింటున్నవాడి దశ గురించి ఆలంకారికులు ఆలోచించలేదు. వారి సహృదయుడు కావ్యాభ్యాసంతో మనసు నిర్మలమైన వయోజనుడు. అమ్మమ్మ పక్కన పడుకొని కథ వినే ఆరేళ్ల శ్రోతకు అలంకారశాస్త్రంలో చోటు లేదు. ఆ శ్రోతను లోపలికి తీసుకొనివస్తే, అవస్థౌచిత్యం అన్న మాటకు రెండో అర్థం ఏర్పడుతుంది. బాలసాహిత్య విమర్శకు కావలసిన పనిముట్టు అదే. దాన్ని వయసు అంకెగా కుదించడం మాత్రం తొందరపాటు అవుతుంది.

ఇప్పుడు కథలోకి వెళితే, సంస్కృత భాగవతంలో హింస మొదలయ్యేది ఆయుధంతో కాదు, ఒడితో. గురువుల వద్ద నుంచి వచ్చిన కొడుకును హిరణ్యకశిపుడు దగ్గరకు తీసుకొని, ఒడిలో కూర్చోబెట్టుకొని, కన్నీటితో తల తడుపుతూ ఏమి నేర్చుకున్నావని అడుగుతాడు. జవాబు విన్న తరువాత కోపాంధుడై అదే ఒడిలోనుంచి నేలమీదికి విసిరేస్తాడు. తరువాత వచ్చే ఏనుగులు, పాములు, విషం, కొండశిఖరాలు, అగ్ని మూలంలో ఒకటి రెండు శ్లోకాల్లో గబగబా జాబితాగా సాగిపోతాయి. వ్యాసుడు నిలిచింది ఒడి దగ్గర. పిల్లవాడు భయపడేది కూడా అక్కడే. ఏనుగును చాలామంది పిల్లలు ఉత్సవాల్లోనో బొమ్మల్లోనో చూసి ఉంటారు. తండ్రి ఒడి మాత్రం వారికి రోజూ తెలిసినదే.

పోతన ఈ జాబితాను పెంచాడు. కాని పెంచిన తీరు గమనించదగినది. రాక్షసులు శూలాలతో పొడుస్తున్నప్పుడు ఆ దెబ్బలను ఆయన వర్ణించడు. బాలుడు చేయని పనులను వరుసగా చెబుతాడు. అతడు లేచి పరుగెత్తడు, చేతులు అడ్డం పెట్టుకోడు, బంధువుల చాటుకు దూరడు, తండ్రిని నిందించడు, తల్లుల ఇళ్లకు పోడు, కాపాడమని అరవడు. ఈ నిషేధ క్రియల మాల వల్ల ఒక విచిత్రం జరుగుతుంది. దెబ్బ తింటున్న మామూలు పిల్లవాడు చేసేవన్నీ ఆ పద్యంలోకి వచ్చి చేరతాయి. ప్రహ్లాదుడు ఏదీ చేయడు, కాని వినే పిల్లవాడు మనసులో అన్నీ చేస్తాడు. శరీరానికి తగిలిన గాయాన్ని చూపకుండా, గాయపడినవారి ప్రవర్తనను చూపే ఈ మార్గం హింసా చిత్రణలో అరుదైన సంయమనం. పోతనకు బాలల శ్రోతృత్వం ఉద్దిష్టం కాకపోవచ్చు. బాలలకు ఆ పద్యం అందడానికి మాత్రం ఈ సంయమనమే కారణం.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. ఈ కాలపు ఉపాధ్యాయులు, ఎవరైనా కొడితే గట్టిగా అరవమని, నమ్మకమైన పెద్దవారికి చెప్పమని పిల్లలకు నేర్పుతున్నారు. అరవని, చెప్పని, పరుగెత్తని బాలుణ్ణి ఆదర్శంగా చూపడం సరైనదేనా? ఏ తరగతి గదిలోనైనా ఇంట్లో దెబ్బలు తినే పిల్లవాడు ఒకడు ఉండే అవకాశాన్ని కాదనలేం. వాడి చెవికి ఈ పద్యం ఓర్పును బోధిస్తుందేమో అన్న శంక న్యాయమైనదే. భక్తి తత్త్వం పేరుతో దీన్ని కొట్టివేయడం విమర్శ కాదు. జవాబు ఆ పద్యంలో దొరకదు. కథ మొత్తంలో, అంటే ప్రబంధార్థంలో వెతకాలి.

కథ మొత్తంలో సంహార ఘట్టం మొదట ఒక పొడుపుకథ. పగలూ రాత్రీ కాని వేళ, ఇంటా బయటా కాని చోట, నేలా నింగీ కాని తావున, మనిషీ మృగమూ కాని రూపంలో, ఆయుధం కాని ఆయుధంతో చంపడం ఎలా? పిల్లలు ఈ ఘట్టాన్ని ఉత్కంఠతో వినడానికి నెత్తురు కారణం కాదు. చిక్కుముడి విడిపోయే ఆనందం కారణం. గడప, సంధ్య, తొడ, గోరు ఒక్కొక్కటిగా సరిపోతుంటే వారి దృష్టి చీలిన పొట్ట మీద కంటె జవాబు మీద నిలుస్తుంది. రెండవది, స్థలం. కొడుకును ఒడిలోనుంచి విసిరేసినవాడు చివరకు మరొకరి తొడల మీద మరణిస్తాడు. ఈ సామ్యాన్ని పిల్లలు మాటల్లో చెప్పలేకపోవచ్చు, కాని ఏదో సరిసమానమైందన్న భావన వారికి అందుతుంది. మూడవది, చంపినది బాలుడు కాడు. పెద్దవాడి క్రౌర్యాన్ని ఆపే బాధ్యతను కథ పసివాడి మీద పెట్టలేదు.

సంహారం తరువాతి భాగమే ఔచిత్య నిర్ణయంలో కీలకం. ప్రేగులను మాలగా వేసుకున్న ఆ రూపం దగ్గరకు దేవతలు పోలేకపోతారు. లక్ష్మి కూడా వెనుకాడుతుంది. బ్రహ్మ పంపగా ప్రహ్లాదుడు మెల్లగా దగ్గరకు నడుస్తాడు. నరసింహుడు అతణ్ణి లేవనెత్తి తలమీద చేయి పెడతాడు. ఒడిలోనుంచి పడిన పిల్లవాడికి మళ్లీ ఒక పెద్దచేయి దొరికింది. ఆపైన బాలుడు వరం కోరమంటే తన తండ్రికి పాపవిముక్తి అడుగుతాడు. తండ్రికి ఉత్తరక్రియలు చేస్తాడు. రాజ్యాభిషేకం ఆ తరువాతనే. ఈ క్రమం ముఖ్యం. హింస ఆగిపోయిన తరువాతే క్షమ వచ్చింది. దెబ్బలు తింటున్న పిల్లవాణ్ణి ముందుగా క్షమించమని కథ ఎక్కడా అడగలేదు. ముందటి ఆక్షేపణకు కథ ఇచ్చే జవాబు ఇదే. అది పూర్తి జవాబు కాకపోవచ్చు, కాని నిజాయితీ గల జవాబు.

ఇప్పుడు బాలల కోసం తగ్గించిన రూపాలను ఈ వెలుగులో చూడవచ్చు. పరిమాణాన్ని కొలిచే సంపాదకుడు తీసేసేది సంహార వివరం. స్వామి స్తంభంలోనుంచి వచ్చి రాక్షసుణ్ణి శిక్షించాడన్న ఒక్క వాక్యంతో సరిపెడతాడు. నిడివి కోసం తరువాతి ఘట్టాన్నీ వదిలేస్తాడు. ఏనుగులు, పాములు, విషం బొమ్మలుగా అనువైనవి కాబట్టి ఉండిపోతాయి. ఫలితంగా మిగిలేది ఏమిటి? పసివాడి మీద ఏకధాటి హింస, తరువాత ఒక క్లుప్త శిక్ష, పట్టాభిషేకం. పొడుపుకథ ఆనందం పోయింది, తలమీది చేయి పోయింది, తండ్రి కోసం కొడుకు చేసిన ప్రార్థన పోయింది. మూలం కంటె ఈ సంస్కరించిన రూపమే పిల్లలకు కఠినం.

ఈ సమస్య తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. గ్రిమ్ సోదరుల జర్మన్ కథా సంకలనం 1812లో తొలిసారి వచ్చినప్పుడు, పిల్లలు కసాయి ఆట ఆడుకొంటూ నిజంగానే గొంతు కోసుకొనే కథ ఒకటి అందులో ఉంది. 1819 ముద్రణలో దాన్ని తొలగించారు. అదే ముద్రణలో మరొక మార్పు చేశారు. హిమశ్వేత కథలో కూతురిని చంపించబోయిన కన్నతల్లిని సవతితల్లిగా మార్చారు. ఎర్రగా కాలిన ఇనుప చెప్పులు తొడిగి ఆమెను చచ్చేదాకా ఆడించే శిక్షను మాత్రం అలాగే ఉంచారు. అంటే శరీర హింస కంటె బంధుత్వంలోని హింస పిల్లలకు భరించరానిదని వారు గ్రహించారన్నమాట. భాగవతానికి ఆ వెసులుబాటు లేదు. హిరణ్యకశిపుణ్ణి మారుతండ్రిగా మార్చడం ఊహకైనా అందదు. అందువల్లనే ఈ కథకు తండ్రి ఉత్తరక్రియల ఘట్టం అవసరమైంది. గ్రిమ్ సోదరులు బంధుత్వాన్ని మార్చి సాధించినదాన్ని భాగవతం కథను చివరిదాకా నడిపి సాధించింది.

ఆధునిక తెలుగు బాలసాహిత్యంలో ఈ వివేకం ఉన్న సంపాదకత్వం లేకపోలేదు. 1947లో మొదలై, కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో దశాబ్దాలు నడిచిన చందమామ నెలనెలా ఒక శవాన్ని పిల్లల ముందుకు తెచ్చింది. చెట్టుమీది శవాన్ని భుజాన వేసుకొని శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మను ఏ కొలమానం పసిపిల్లలకు అనుమతిస్తుంది? కాని అక్కడ శవం మాట్లాడుతుంది, కథ చెబుతుంది, చివర ఒక న్యాయ సందేహం అడుగుతుంది. భయం ఆలోచనకు వాహనమైంది. అంతకంటె పసివారికి చెప్పే ఏడు చేపల కథలోనూ ఇదే పోకడ చిన్నరూపంలో ఉంది. ఎండని చేప నుంచి నిందల గొలుసు సాగి సాగి, పిల్లవాణ్ణి కుట్టిన చీమ దగ్గర ఆగుతుంది. ఆ చీమకు కూడా తనదైన కారణం చెప్పుకొనే అవకాశం కథ ఇస్తుంది. కుట్టినవారి పక్షం వినడం తెలుగు పిల్లవాడికి అన్నప్రాశన నాటి విద్య.

తెర విషయానికి వస్తే పరిస్థితి భిన్నం. వినే పిల్లవాడు చీలిన పొట్టను తన శక్తి మేరకే ఊహిస్తాడు. మూడేళ్లవాడికి అది ఒక మాట, పదేళ్లవాడికి ఒక దృశ్యం. తెర పెద్దవారు ఊహించిన దృశ్యాన్ని అందరికీ ఒకే మోతాదులో ఇస్తుంది. కనుక వయసుల మెట్లు అక్కడ కొంతవరకు సమంజసమే. అయితే తెరమీద కూడా పరిమాణం ఒక్కటే కొలత కాజాలదు. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ తయారుచేసి 2008 నుంచి ప్రసారమవుతున్న 'ఛోటా భీమ్' నెత్తురు లేని ధారావాహిక. లడ్డూ తిన్న భీముడి దెబ్బకు దుష్టులు ఎగిరిపడతారు, నక్షత్రాలు తిరుగుతాయి, మరుసటి భాగంలో మళ్లీ వస్తారు. లెక్క ప్రకారం ఇది నిరపాయకరం. దెబ్బకు నొప్పి లేదు, పడినవాడికి కుటుంబం లేదు, ఏడ్చేవారు లేరు. హింస ఫలితాన్ని దాచిపెట్టడంలో ఇది ప్రహ్లాద చరిత్ర సంక్షిప్త రూపాలకు దగ్గరి చుట్టం.

దీనికి ఎదురుకొసన 2025 జులైలో తెలుగు సహా ఐదు భాషల్లో విడుదలైన 'మహావతార్ నరసింహ' యానిమేషన్ చిత్రం ఉంది. భాగవతంలోనూ నరసింహుడికీ హిరణ్యకశిపుడికీ నడుమ కొద్దిపాటి పోరు ఉంది. పట్టుబడిన అసురుడు ఒకసారి జారిపోయి మళ్లీ చిక్కుతాడు. చిత్రం ఆ పోరును భారీ ముగింపు యుద్ధంగా విస్తరించింది. కుటుంబాలు పసిపిల్లలతో సహా థియేటర్లకు వెళ్లాయి. భక్తి కథ కాబట్టి వయసు గురించి చాలామంది ఆలోచించి ఉండరు. సమస్య గోళ్లూ నెత్తురూ కాదు, అవి మూలంలోనే ఉన్నాయి. పోరు నిడివి పెరిగేకొద్దీ పొడుపుకథ బలం తగ్గి పరాక్రమం పెరుగుతుంది. గడప, సంధ్య జవాబులుగా కాక యుద్ధానికి వేదికలుగా మారతాయి. పిల్లవాడి ప్రశ్న 'ఎలా?' నుంచి 'ఎంత గట్టిగా?' అన్నదానికి జారుతుంది. 1967 నాటి చిత్రంలో ఎస్.వి.రంగారావు తండ్రి ప్రేమకూ క్రోధానికీ మధ్య ఊగే తీరు, చిన్నారి రోజారమణి ముఖం ప్రేక్షకుడి దృష్టిని బంధుత్వం మీద నిలిపాయి. సాంకేతికంగా ఎంతో వెనుకబడిన ఆ చిత్రం ఈ ఒక్క విషయంలో భాగవతానికి చేరువగా ఉంది.

తరగతి పాఠానికైనా తెర కథకైనా సంపాదకుడు ముందుగా తేల్చుకోవలసినది కథ ఎక్కడ ఆగాలన్నది. నిడివి ఎంత తక్కువైనా, నరసింహుడి చేయి ప్రహ్లాదుడి తలమీద పడే వాక్యానికి, తండ్రి కోసం అతడు వరం కోరే వాక్యానికి చోటు మిగలాలి. ఆ రెండు వాక్యాలకు చోటు లేకపోతే, ఏనుగుల బొమ్మనూ వదులుకోవడమే మేలు.