సర్పంచిగారి భర్త – మన నవ్వు

2020లో వచ్చిన హిందీ ధారావాహిక ‘పంచాయత్’ను మన తెలుగువాళ్లు కూడా యిష్టంగా చూశారు. ఫులేరా గ్రామానికి ప్రధాన్ మంజుదేవి. పెత్తనమంతా ఆమె భర్తది. వూరివాళ్లు ఆయన్నే ప్రధాన్‌గారూ అంటారు, ఆయన పలుకుతాడు. మొదటి భాగం చివర గణతంత్ర దినాన ఆమె తానే జెండా ఎగరేసి, తడబడుతూనే జాతీయగీతం పూర్తి చేసేటప్పటికి మన మనసు కరుగుతుంది. నీనా గుప్తా నటనలో వొక్క తప్పుడు అడుగు లేదు.

ఐతే యీ కథ జబ్బును ఎక్కడ చూపిస్తున్నది? ఆడమనిషి బెరుకులో, మొగుడి గొప్పల్లో. బెరుకు పోతే అంతా బాగుపడుతుందని ప్రేక్షకుడు సంతృప్తిగా లేచి పోతాడు. రచయితతో మనకు పేచీ యిక్కడే.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయితీల్లో కనీసం మూడోవంతు స్థానాలు స్త్రీలకిచ్చింది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని సగానికి పెంచింది. కుర్చీ వచ్చింది, సరే. మరి డబ్బు? తెలంగాణ 2018 పంచాయితీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచితో పాటు ఉపసర్పంచి సంతకం కూడా వుండాలన్నది. సర్పంచి పదవికి రిజర్వేషను పెట్టారు. వార్డు సభ్యులు తమలో నుంచి ఎన్నుకునే ఉపసర్పంచి పదవికి పెట్టలేదు. భూమీ, బలగమూ వున్న మగవాడు ఆ రెండో సంతకం దగ్గర కూచోవటానికి అడ్డేమున్నది? అప్పుడామె ఎంత ధైర్యం తెచ్చుకున్నా, అతని సంతకం పడందే మోరీ బాగుచెయ్యటానికి రూపాయి రాదు. యీ సంగతి చూపించే హాస్యం మనకింకా రావలసి వుంది.

నానక్‌రామ్‌గూడ మేడల్లో వుద్యోగాలు చేసే చదువుకున్నవాళ్లు మంజుదేవిని చూసి నవ్వుకోవచ్చు. వొకప్పుడు వూరే అయిన నానక్‌రామ్‌గూడ 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో భాగమైంది. అక్కడ గ్రామసభ లేదు; లెక్క చెప్పమని నిలదీసే రచ్చబండా లేదు. తన వీధి పద్దు ఎవరు రాస్తున్నారో ఎరగనివాడు, పల్లెటూరి ఆడదానికి పాలన రాదని నవ్వటంలో న్యాయమేమిటి?

పాలన రాకపోవటమన్న మాటే నిజమైతే కర్నూలు జిల్లా కాల్వ గ్రామం సంగతేమిటి? 1995లో అక్కడ సర్పంచి అయిన ఫాతిమాబీకి, దారిద్ర్యం మీద పోరాటానికి గాను 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం అవార్డు వచ్చింది. ఆ ప్రాంతంలో ఆడవాళ్లు పొదుపు సంఘాలుగా కూడారు. కుర్చీలో వొంటరిగా కూచున్న స్త్రీకీ, వెనక సంఘం వున్న స్త్రీకీ తేడా అది.

అంచేత మన రచయితలు సర్పంచిగారి మొగుణ్ణి వెక్కిరించి వూరుకోగూడదు. పొలం పట్టా ఎవరి పేర వుంది, చెక్కుబుక్కు ఎవరి బీరువాలో వుంది, గ్రామసభలో ఎవరు నిలబడి మాట్లాడారు – యివి రాయాలి. అప్పుడు పాఠకుడికి నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. రెండోది రాని నవ్వు వూళ్లో దేన్నీ కదిలించదు.