కలను కలగా పట్టే పరీక్ష

కల కంటున్న మనిషి తాను చూస్తున్నది కలేనని ఆ కలలోనే గుర్తించి, మేలుకోకుండా దాన్ని కొనసాగించే స్థితికి ఆధునిక మనోవిజ్ఞానంలో లూసిడ్ డ్రీమ్ అని పేరు. డచ్చి వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు గాని, నిద్రలో అలాంటి ఎరుక అసంభవమని శాస్త్రజ్ఞుల్లో చాలామంది ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు కొట్టిపారేస్తూనే వచ్చారు. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్, కొద్దేళ్లకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబెర్జ్ ఈ వివాదాన్ని ఒకే రకమైన ఉపాయంతో తేల్చారు. కలలు దట్టంగా వచ్చే రెమ్ నిద్రలో కాళ్లూ చేతులూ చచ్చుబడినట్టు పడివున్నా కనుగుడ్లు మాత్రం కదులుతూనే ఉంటాయి కాబట్టి, ఎరుక కలిగిన వెంటనే చూపును ముందుగా అనుకున్న క్రమంలో కుడియెడమలకు తిప్పే ఏర్పాటు చేసి, ఆ సంకేతాన్ని యంత్రం మీద నమోదు చేయగలిగారు.

కడప జిల్లా పాఠకునికి దీని వెనకనున్న ప్రశ్న మాత్రం కొత్తది కాదు. కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మంగారి మఠం ఉన్న ఈ సీమలో, తంబుర మీటుతూ తత్వాలు పాడుకునే వారికి మెలకువ, కల, గాఢనిద్ర అనే మూడు అవస్థలూ, వాటికి అతీతంగా నిలిచే తురీయమూ నాలుక మీద ఆడే మాటలే. ఆ విచారానికి మూలం పన్నెండే మంత్రాల మాండూక్యోపనిషత్తు. దాని మీద కారికలు రాసిన గౌడపాదుడు, కలలోని వస్తువులకూ మెలకువలోని వస్తువులకూ సత్యత విషయంలో భేదం లేదని వైతథ్య ప్రకరణంలో వాదించాడు. శంకరుడు బ్రహ్మసూత్ర భాష్యంలో విజ్ఞానవాద బౌద్ధులకు బదులు చెబుతూ, కలలో కన్నది మేలుకోగానే బాధితమవుతుందనీ, అంటే తర్వాత కలిగిన జ్ఞానం వల్ల అబద్ధమని తేలిపోతుందనీ, మెలకువలో కన్న స్తంభానికి అలాంటి గతి పట్టదనీ తేడా చూపాడు. ఎరుక గల కలను సాధించదలచినవాడు ఈ ఇద్దరూ చెప్పని మూడో పనికి పూనుకుంటాడు: మేలుకోకుండానే కలను బాధితం చేయడం. అయితే తత్వాలు పాడిన గురువులకు కలను ఏలుకోవడంతో నిమిత్తం లేదు, మెలకువ మీద మోహం వదలడమే వారికి కావలసింది; కాబట్టి ఈ కొత్త విద్యను వారి పేరున చలామణీ చేయడం న్యాయం కాదు.

ఈ పనికి వాడే సాధనమే రియాలిటీ చెక్, అంటే ఎదుట ఉన్నది కలో నిజమో తేల్చుకునే పరీక్ష. పగలు పదేపదే ఈ ప్రశ్న వేసుకునే అలవాటు కలలోకి కూడా పాకుతుందన్న సూత్రం మీద జర్మన్ మనోవిజ్ఞాని పాల్ తోలే ఒక సాధనా పద్ధతినే నిర్మించాడు. పరీక్షల్లో బాగా పేరుపొందినది ముక్కు మూసి ఊపిరి పీల్చిచూడడం: కలలోని వేళ్లు మూసేది కలలోని ముక్కునే గాని మంచం మీదున్న మనిషి ముక్కును కాదు కాబట్టి, గాలి ఆడుతూనే ఉంటే అది కల. రెండోది ఒక రాతను చదివి, చూపు మరల్చి, మళ్లీ చదవడం; కలలో బయటి నుంచి అక్షరాలను పట్టి నిలిపే ఆధారమేదీ ఉండదు గనుక అవి తరచు మారిపోతాయి. గడియారం చూడడం, వేళ్లు లెక్కపెట్టడం ఇలాంటివే. వీటన్నిటికంటే లోతైనది, చాలామంది వదిలేసేది మరొకటుంది: ఇక్కడికి ఎలా వచ్చాను, ఇంతకు ముందు ఎక్కడ ఉన్నాను అని వెనక్కి నడిచి చూడడం. రెమ్ నిద్రలో మెదడు ముందు భాగంలో వివేచనకు తోడ్పడే ప్రాంతాల చురుకు తగ్గివుంటుందనీ, అందుకే కలలో ఎంత వింత ఎదురైనా మనసు ఒప్పేసుకుంటుందనీ పరిశోధకులు భావిస్తారు. ఆ ఒప్పుకోలును తెంచడానికి జ్ఞాపకాన్ని నిలదీయడమే సూటి మార్గం.

ఎప్పుడు అడగాలన్నదానికి గడియారపు గంటల కంటే ఊరి గుర్తులు మేలు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో నడిచేవాడు ఒక బోర్డును రెండుసార్లు చదవడం, జమ్మలమడుగు బస్టాండులో నిలబడ్డవాడు పులివెందుల బస్సు పేరు చూసి, తల తిప్పి మళ్లీ చూడడం, చీనీతోటలో అడుగుపెట్టినప్పుడల్లా రైతు ముక్కు మూసి చూసుకోవడం నియమంగా పెట్టుకోవచ్చు. వింతలు ఎదురైనప్పుడు అడగడం ఇంకా మంచిది గాని, వింత మాత్రాన తీర్పు చెప్పకూడదు. ఎండిన ఇసుకగా తెలిసిన పెన్న గట్లు ఒరుసుకుని పారుతుంటే అనుమానించవలసిందే, కానీ 2021 నవంబరులో అప్పటి కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినంత వరద నిజంగానే వచ్చింది. గుర్తు ప్రశ్నను లేపుతుంది, జవాబు చెప్పవలసింది పరీక్షే. ఆ జవాబు ముందే తెలుసునన్నట్టు, నడుస్తూ నడుస్తూ ముక్కు నొక్కి వదిలేసేవాడు కలలో కూడా అలాగే నొక్కి, గాలి ఆడుతున్నా పట్టించుకోక ‘ఇది మెలకువే’ అనుకుని సాగిపోతాడు. అంటే కలలోకి పాకేది చేతి కదలిక మాత్రమే కాదు, దాని వెనకనున్న శ్రద్ధో అశ్రద్ధో కూడా. రోజుకు ఇన్నిసార్లని లెక్క కట్టించే శిక్షణలు ఈ సంగతినే మరుస్తాయి.

పరీక్ష ఒక్కటే చాలదన్నది కూడా తేలిన విషయమే. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన డెన్‌హోమ్ ఆస్పీ 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పగటి పరీక్షలు మాత్రమే చేసినవారికి వారంలో చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. దానికి మరి రెండు పద్ధతులు కలిపినవారిలో సఫలత 17 శాతం దాకా ఉంది. ఆ రెండింటిలో మొదటిది సుమారు ఐదు గంటలు నిద్రపోయాక లేచి కాసేపు మెలకువగా ఉండి మళ్లీ పడుకోవడం; రెమ్ నిద్ర తెల్లవారుజామున ఎక్కువసేపు సాగుతుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. రెండోది లబెర్జ్ రూపొందించినది: అలా తిరిగి పడుకుంటూ, ఈసారి కల వస్తే అది కలని గుర్తుపెట్టుకుంటానని సంకల్పం చెప్పుకుని, అప్పుడే కన్న కలలో అది కలేనని తాను గుర్తించినట్టు ఊహించుకోవడం. ఈ సంకల్పం ముగిసిన ఐదు నిమిషాల్లోపే నిద్రపట్టినవారిలో సఫలత దాదాపు 46 శాతానికి చేరింది. లేచీ లేవగానే కలను పుస్తకంలో రాసుకోవడం వీటన్నిటికీ పునాది, ఎందుకంటే గుర్తుండని కలలో ఎరుక కలిగినా ఉపయోగం లేదు.

పీడకలలతో బాధపడేవారికి ఈ విద్య కొంత ఊరటనిస్తుందని కొన్ని చిన్న అధ్యయనాలు సూచించాయి, దాని విలువ వినోదం కంటే అక్కడే ఎక్కువ. రాత్రి షిఫ్టుల వల్ల ఇప్పటికే నిద్ర చాలనివారు మాత్రం నిద్రను మధ్యలో విరగ్గొట్టే పద్ధతి జోలికి పోకూడదు. ఉన్నదానికీ లేనిదానికీ తేడా చెదిరే మానసిక వ్యాధి ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఇది మొదలుపెట్టడం ప్రమాదం. మేలుకున్నట్టే అనిపించి అదీ కలే అయ్యే సందర్భాలు తరచు వస్తాయి గనుక, పక్క మీద లేచి కూర్చోగానే మరొకసారి పరీక్షించుకోవడం అవసరం. పరీక్ష ఎప్పుడూ ముక్కూ, అక్షరమూ, వేళ్ల లాంటి హానిలేని వాటితోనే సాగాలి గాని, ఎగరగలనేమో చూద్దామని మిద్దె మీద నుంచి దూకడం పరీక్ష కాదు, ఎందుకంటే జవాబు తప్పయితే దాన్ని బాధితం చేయడానికి మరో మెలకువ ఉండదు.