గాడి లేని దారిలో నడిచే చెయ్యి

పాత సీడీ ప్లేయర్ల ప్రస్తావన వస్తే చాలు, మాట శబ్దం మీదికి మళ్లుతుంది. ఇది తియ్యగా పాడుతుందని ఒకరు, అది పొడిగా పాడుతుందని ఇంకొకరు. ఎంత రాత్రయినా తెగని వాదన. తేడాలు లేవనను. కానీ డిస్కు మీదున్న అంకెలు అన్ని యంత్రాలకూ ఒక్కటే. నలభై ఏళ్ల కిందటి పెట్టెను ఇవాళ్టికీ తుడిచి దాచుకునేవాళ్లున్నారంటే, దాని గొప్పతనం చాలావరకు మూత విప్పాక కనిపించేదేనని నా అభిప్రాయం.

మూతలు విప్పి చూడాలనుకునేవాడికి హైదరాబాద్‌లో మలక్‌పేట మంచి చోటు. ఇక్కడి పాత సెట్లలో షోరూములో కొన్నవి తక్కువ. దిగుమతి సుంకాలు మండిపోతున్న రోజుల్లో, గల్ఫ్ పోయినవాళ్లు సెలవుకు వస్తూ తాళ్లు బిగించిన అట్టపెట్టెల్లో తెచ్చుకున్నవే ఎక్కువ. ముందు టూ-ఇన్-వన్ వచ్చింది, తర్వాత వీసీఆర్, ఆ వెనక సీడీ. సెట్టును వెనక్కి తిప్పితే ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. వోల్టేజీ మార్చే చిన్న మీట, దాని పక్కన 110, 220, 240 అనే అంకెలు ఉన్నాయంటే చాలావరకు గల్ఫ్ సరుకే. అప్పట్లో సౌదీ ఇళ్లలో కరెంటు 127 వోల్టులు, పక్క దేశాల్లో 220, 240. ఒకే సెట్టు అన్నిచోట్లా అమ్ముడుపోవాలంటే ఆ మీట ఉండాల్సిందే. అది లేకుండా 120 అని మాత్రమే అచ్చేసి ఉంటే అమెరికా నుంచి వచ్చిందన్నమాట. దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తోడు లేనిదే ప్లగ్ పెట్టకూడదు.

వాల్వు రేడియో మూగబోతే ఛత్తా బజార్‌లో మెహబూబ్ రేడియో సర్వీస్ ఉంది. సీడీ ప్లేయర్‌కు ఇంకా అంత వయసు, అంత గౌరవం రాలేదు. టీవీలు, యాంప్లిఫయర్లు బాగుచేసేవాళ్ల బల్లల మీదే దానికీ వైద్యం. విడిభాగం కావాలంటే చాదర్‌ఘాట్ వంతెన దాటి కోఠీ గుజరాతీ గల్లీకి పోవాలి. ఇక మలక్‌పేట గంజ్ ఉల్లి, మిర్చి దుమ్ము ఎటూ ఉండనే ఉంది. మూత తీయగానే ముందు తుమ్ము వస్తుంది, తర్వాతే యంత్రం కనిపిస్తుంది.

నేను దగ్గర కూర్చుని చూసినవాటిలో నా ఓటు ఫిలిప్స్ సీడీ104కే. 1984 నాటి సెట్టు. చూడ్డానికి పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. ఎత్తితే మాత్రం చెయ్యి కిందికి లాగుతుంది. ఆ బరువులో ఒక వాటా డిస్కును తిప్పి చదివే భాగానిది. దాని పేరు సీడీఎం-1. పోతపోసిన లోహపు చట్రం, దాని మీద గాజు లెన్సు మోసే ఒక చెయ్యి. ఆ చేతి పనితనం అర్థం కావాలంటే, దానికి అప్పజెప్పిన పని ఎంత కష్టమో ముందు తెలియాలి.

ఎల్పీ రికార్డులో ముల్లుకు గాడి ఉంటుంది. గాడి గోడలే ముల్లును దారిలో పెడతాయి. సీడీలో ఆ సదుపాయం లేదు. లోపలి నుంచి బయటికి చుట్టుకుంటూ పోయే సూక్ష్మమైన గుంతల వరస ఒక్కటే ఉంటుంది. ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో నలభై చుట్లు పట్టేస్తాయి. ఆ వరసను విప్పి పరిస్తే దాదాపు 5 కిలోమీటర్లు. డిస్కు లోపలి అంచు దగ్గర నిమిషానికి 500 చుట్లు తిరుగుతూ మొదలై, బయటి అంచుకు వచ్చేసరికి 200కు తగ్గుతుంది. పోనీ నిలకడగా తిరుగుతుందా అంటే అదీ లేదు. చుట్ల కేంద్రం 70 మైక్రాన్ల దాకా పక్కకు జరిగి ఉన్నా డిస్కు సరైనదేనని ప్రమాణమే ఒప్పుకుంటుంది. అంటే తిరిగే ప్రతి చుట్టులోనూ దారి అటూ ఇటూ ఎనభై వరసల పైచిలుకు ఊగుతుందన్నమాట. డిస్కు వంపు వల్ల కిందికీ పైకీ అరమిల్లీమీటరు దాకా ఊగొచ్చు. లెన్సు మాత్రం దాన్ని 2 మైక్రాన్ల లోపు స్పష్టంగా పట్టుకుని ఉండాలి. తాకకుండా, తాకడానికి గాడే లేకుండా, కాంతి ఒక్కదాన్ని నమ్ముకుని.

మిగతా కంపెనీలు చాలావరకు లెన్సును ఒక బండి మీద పెట్టి, పళ్లపట్టీ మీద చిన్న మోటారుతో జరిపించాయి. పని జరుగుతుంది. కానీ పళ్లు అరుగుతాయి, గ్రీజు గట్టిపడుతుంది, హైదరాబాద్ ఎండల్లో ఇంకా త్వరగా. ఫిలిప్స్ ఇంజనీర్లు అసలు పళ్లే లేకుండా చేశారు. చెయ్యి ఒక ఇరుసు మీద ఊగుతుంది. ఒక కొసన లెన్సు, రెండో వైపు దానికి సరితూగే బరువు, మధ్యలో అయస్కాంతం దగ్గర తీగచుట్ట. చుట్టలో కరెంటు ఒక దిశలో పారితే ఇటు, దిశ మారిస్తే అటు. డిస్కు మొత్తాన్ని ఈ కొస నుంచి ఆ కొసదాకా దాటేదీ ఆ చెయ్యే, వరస కింద వెంట్రుకవాసి సర్దుకునేదీ ఆ చెయ్యే. రెండు పనులకూ ఒక్కటే కదలిక.

కరెంటు తీసేసిన సెట్టులో ఆ చేతిని ముట్టుకోబోతే, దాన్ని బాగుచేస్తున్న ఉస్తాద్ ఆపాడు. ‘‘హాత్ నక్కో లగావ్ భాయ్’’ అని, వంగి మెల్లగా ఊదాడు. చెయ్యి అవతలి అంచుదాకా పోయి, తిరిగి రాకుండా అక్కడే ఆగింది. సెట్టును పక్కకు ఒరగేశాడు. అప్పుడూ కిందికి జారలేదు. గంజ్‌లో రెండు పళ్లాలూ సమానంగా తూగిన తక్కెడ కాడకు ఉండే నిదానం అది. ఎటు వంచినా తన బరువు తనకు అడ్డు రాని చెయ్యి ఇది. స్ప్రింగు లేదు, గేరు లేదు, రబ్బరు పట్టీ లేదు. అరగడానికి ఇరుసు ఒక్కటే ఉంది, అదీ అరిగినట్టు నాకు కనిపించలేదు.

అలాగని ఈ తరం యంత్రాలకు జబ్బులు లేవనుకోవద్దు. ఆ కాలపు సర్క్యూట్ బోర్డుల్లో పైపొరనూ కిందిపొరనూ కలపడానికి చిన్న రివెట్లు వాడారు. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, ఏళ్లు గడిచేసరికి వాటి టంకం పైకి కనిపించని పగుళ్లు వేస్తుంది. అప్పుడు డిస్కు కాసేపు తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ బుద్ధి పుడితే తిరుగుతుంది. మందు తేలికే గానీ ఓపిక కావాలి. ప్రతి రివెట్‌లోంచీ సన్నని రాగితీగ దూర్చి, రెండు వైపులా టంకం పెట్టాలి. ఒక్కటి వదిలేస్తే ఆ ఒక్కటే మళ్లీ పెట్టె విప్పిస్తుంది. ఒక మంచి పనివాడు చేసిన పనిలోని లోటును ఇంకో మంచి పనివాడు దిద్దగలగడం నాకు నచ్చే సంగతి. ఇప్పటి వేలెడంత చిప్పులో ఆ అవకాశం ఎక్కడిది?

చేతి తర్వాత చెప్పుకోవాల్సింది అంకెల్ని శబ్దంగా మార్చే చిప్పు. ఇక్కడ కథ తమాషాగా ఉంటుంది. ఫిలిప్స్ తన చిప్పును 14 బిట్లకు సిద్ధం చేసుకుంది. దాని పేరు టీడీఏ1540. సోనీ 16 బిట్లు కావాలని పట్టుబట్టింది, చివరికి ప్రమాణం అదే అయింది. 14 బిట్లతో 16,384 మెట్లు వస్తాయి, 16 బిట్లకు 65,536 కావాలి. చేతిలో ఉన్నదేమో పొట్టి చిప్పు. ఫిలిప్స్ వాళ్లు దాన్ని పారేయలేదు. సెకనుకు 44,100 సార్లు రావాల్సిన అంకెల్ని నాలుగింతలు చేసి 1,76,400 సార్లు పంపారు. మిగిలిపోయిన చిన్న తప్పును పక్క అంకెలో సర్దుతూ, రొదను చెవికి అందని ఎత్తుకు నెట్టేశారు. ఫలితం 16 బిట్లకు దీటుగా వచ్చింది. దానికి తోడు ఇంకో మేలు జరిగింది. మామూలుగా 20 కిలోహెర్ట్జ్ దాటగానే గోడ కట్టినట్టు ఆపేసే జటిలమైన ఫిల్టర్ చిప్పు తర్వాత పెట్టాలి. ఇక్కడ సాదాసీదా ఫిల్టర్ సరిపోయింది. కొరతను కప్పిపుచ్చుకోవడానికి పన్నిన ఉపాయం కాస్తా అసలు పద్ధతి కన్నా మేలైనదని తేలింది. కొన్నాళ్లకు దాదాపు అందరూ ఆ దారే పట్టారు.

మొదటి యంత్రం మాత్రం సోనీదే. సీడీపీ-101 జపాన్‌లో 1982 అక్టోబరు 1న దుకాణాల్లోకి వచ్చింది, ధర 1,68,000 యెన్‌లు. పేరులోని 101ని బైనరీ లెక్కలో చదివితే 5. మధ్యస్థాయి యంత్రమని సూచించడానికి ఆడియో విభాగం పెద్ద నొబుయుకి ఇదేయి ఆ అంకె ఎంచారట. 16 బిట్ల చిప్పు అందులో ఒక్కటే ఉంది. కుడికీ ఎడమకూ వంతులవారీగా అదే పనిచేస్తుంది. కాబట్టి ఒక చెవికి చేరే శబ్దం రెండోదాని కన్నా సెకనులో లక్షో వంతు కన్నా కొంచెం ఎక్కువ ఆలస్యం. చెవికి తెలియదు. కానీ తెలిసిన తర్వాత మనసు ఊరుకోదు, అదీ చిక్కు. 101 మీద నాకు గౌరవమే. డిస్కును మింగే సొరుగు, చేతిలో రిమోటు, ముఖం మీద అందంగా అమర్చిన మీటలు, తర్వాత ముప్పై ఏళ్ల పాటు సీడీ ప్లేయర్ ఎలా ఉండాలో అదే నేర్పింది. అయినా పనితనం విషయంలో నా మొగ్గు ఎటో చెప్పేశాను.

ఫిలిప్స్ 1985లో 16 బిట్ల టీడీఏ1541 తెచ్చింది. తర్వాతి టీడీఏ1541ఏ రకంలో ఎంపిక చేసి ఏరినవాటి మీద కిరీటం ముద్ర వేసేవారు. ఒక కిరీటం, ఇంకా మేలైనదైతే రెండు కిరీటాలు. ఈ చిప్పు లోపలి కిటుకు రూడీ వాన్ డి ప్లాషే అనే ఇంజనీరుది. కరెంటును సమాన భాగాలుగా పంచే ట్రాన్సిస్టర్లు నూటికి నూరు శాతం సమానంగా ఎప్పుడూ రావు. ఆయన వాటిని సమానం చేసే ప్రయత్నం మానేసి, వేగంగా ఒకదాని స్థానంలోకి ఇంకొకదాన్ని మారుస్తూ పోయాడు. హెచ్చుతగ్గులు అందరికీ వంతులవారీగా పడి, సగటున ఏమీ మిగలవు. ఆ సగటు తీయడానికే చిప్పు చుట్టూ 14 చిన్న కెపాసిటర్లు కాపలా కాస్తుంటాయి. మారంజ్ సీడీ-80లో కిరీటం చిప్పు, సీడీఎం-1 రెండో రకం చెయ్యి ఒకేచోట దొరుకుతాయి. దొరికితే వదలకూడని సెట్టు. విడిగా చిప్పు కొనేవాళ్లు మాత్రం జాగ్రత్త. మామూలు చిప్పు గీకేసి కిరీటం అచ్చేసినవి బజారులో బాగానే తిరుగుతున్నాయి.

పయొనీర్ వాళ్ల స్టేబుల్ ప్లాటర్ పద్ధతి వేరే రకం తెలివి. 1990 ప్రాంతంలో వచ్చింది. డిస్కును బోర్లా పడుకోబెట్టాలి, బొమ్మ కిందికి, మెరిసేవైపు పైకి. కింద రికార్డు ప్లేయర్‌కున్నట్టు డిస్కంత పళ్లెం. నడిమధ్యలో మాత్రమే పట్టుకుని వదిలేస్తే అంచులు వణుకుతాయి. పళ్లెం మొత్తం ఆనించి పట్టుకుంటే ఆ వణుకుకు చోటులేదు. లేజర్ పైనుంచి కిందికి చూస్తుంది కాబట్టి లెన్సు మీద దుమ్ము కూర్చోదు. జపాన్‌లో కూర్చుని మలక్‌పేట గంజ్‌ను దృష్టిలో పెట్టుకున్నారా అనిపిస్తుంది. కొత్తవాళ్లు అలవాటుగా డిస్కు వెల్లకిలా పెట్టేసి, పాడట్లేదని రిపేరుకు తెస్తుంటారు.

చేతిసంచీలో పట్టే సెట్టు సంగతి ఒక్కమాటలో. సోనీ డీ-50, 1984. నాలుగు సీడీ డబ్బాలు పేర్చినంత చెక్కదిమ్మ బల్లమీద పెట్టి, ఇంతకన్నా పెద్దది కాకూడదని సోనీలో ఒక పెద్దాయన చెబితే, ఇంజనీర్లు చేసి చూపించారు. ధర 49,800 యెన్‌లు. రెండేళ్ల కిందటి 101 ధరలో మూడో వంతు కూడా లేదు. సీడీని మామూలు మనుషుల వస్తువు చేసింది అదే.

ఆ చవకతోనే పతనమూ మొదలైంది. సీడీఎం-4 నాటికి లోహం స్థానంలోకి ప్లాస్టిక్ చొరబడింది. సీడీఎం-12 వచ్చేసరికి ఊగే చెయ్యే పోయి, ఫిలిప్స్ కూడా పళ్లపట్టీ దారికి వచ్చేసింది. ఇక్కడ వీసీడీ ప్లేయర్ల వెల్లువ వచ్చింది. సినిమా ఆడుతుంటే లోపల ఏముందని ఎవరూ అడగలేదు. ఆ వెల్లువ వదిలిపెట్టి పోయిన మేలూ ఒకటుంది. సోనీ కేఎస్ఎస్-213 లేజర్‌ను ఆ సెట్లలో లెక్కలేనన్ని వాడారు, దాని నకళ్లు ఇప్పటికీ దొరుకుతాయి. కాబట్టి ఆ లేజర్ ఉన్న మధ్యరకం సెట్టు చావదు. సీడీఎం-1 చెయ్యి పోతే మాత్రం ఇంకో సెట్టును బలిచ్చి తీసుకోవాల్సిందే. నేను మెచ్చిన యంత్రం కన్నా మెచ్చనిదే ఎక్కువకాలం బతికేలా ఉంది. ఏం చేస్తాం.

కొనదలచుకుంటే చూడాల్సింది రెండే. 70 నిమిషాలు దాటిన డిస్కు పెట్టి, నేరుగా చివరి పాటకు పంపండి. వణుకు అంచు దగ్గరే ఎక్కువ గనక, అక్కడ తడబడని సెట్టు ఎక్కడా తడబడదు. రెండోది, ఆసిలోస్కోప్ ఉన్న పనివాడి దగ్గరికి తీసుకుపోండి. లేజర్ ఆరోగ్యంగా ఉంటే తెర మీద వజ్రాల ఆకారాలు ఒకదాని పక్కన ఒకటి, నడిమధ్యన తేటగా తెరుచుకుని కనిపిస్తాయి. గుంతల పొడవులు తొమ్మిది రకాలే. ఆ తొమ్మిదీ విడివిడిగా తెలుస్తున్నాయనడానికి అదే గుర్తు. మసకగా, జుట్టు రేగినట్టు ఉంటే ఏదో తేడా ఉన్నట్టు. అప్పుడు చాలామంది చేసే పని లేజర్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి కాంతి పెంచేయడం. కొన్నాళ్లు బ్రహ్మాండంగా పాడుతుంది, ఆపైన లేజర్ కాలిపోతుంది. ముందు లెన్సు తుడిపించండి, తర్వాత ఎండిపోయిన కెపాసిటర్లు మార్పించండి. అవి రెండూ చేయకుండా స్క్రూడ్రైవర్ తీసేవాడికి మీ సెట్టు ఇవ్వకండి.